గుంట మీద కంప్యూటర్

ఇది జరిగింది. నాకే జరిగింది. మా ఇంట్లో ఒకప్పుడు అబద్ధమాడిన మనిషికి పంక్తిలో విస్తరి వేసేవాళ్ళు కారు. ఇప్పుడు ఆ పంక్తి లేదు, ఆ వంటశాల లేదు. అలవాటు మాత్రం నాలో మిగిలింది. కనుక నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను ఆపేస్తాను.

మాది తమిళనాడులో, వేలూరు పక్కనున్న గుడియాత్తం. మా తాత కాలంలో గళ్ళ లుంగీలంటే మా ఇంటి పేరు చెప్పేవాళ్ళు. ఆర్కాడు సంతకీ అరక్కోణం రైళ్ళకీ మా మూటలు పోయేవి. ఆ తరువాత ఏమైందో నేను చెప్పను. పెద్ద ఇల్లు పోయింది. పక్కనున్న మగ్గాల కొట్టం మిగిలింది. దానికే మధ్యలో గోడ లేపి, నేనూ మా మేనత్తా కాపురముంటున్నాం. కొట్టంలో ఉంటున్నానని నేనెక్కడా తల దించుకోలేదు.

ముందు గదిలో నా కంప్యూటర్ ఉంది. అది పెట్టిన చోటు గురించి చెప్పాలి.

అక్కడ మా నాన్న మగ్గం ఉండేది. గుంటమగ్గం. నేసేవాడు కాళ్ళు నేలలోని గుంటలోకి వదిలి కూర్చుంటాడు. మగ్గాలన్నీ పోయాక చివరిదాని మీద నాన్నే కూర్చున్నాడు. నేయించినవాడు నేయడం వీధంతా చూసింది. ఆయన కూడా తల దించలేదు. పోయేదాకా నేశాడు. తరువాత మగ్గం అమ్మేశాం. గుంటలో రాళ్ళూ మన్నూ పోసి పైన సిమెంటు పూశాం. కంప్యూటర్ బల్ల సరిగ్గా ఆ సిమెంటు మీదే ఉంటుంది. నేను కూర్చుంటే నా పాదాలు అక్కడే ఆనుతాయి.

నా పని కూడా దానికి దూరం కాదు. లుంగీల గళ్ళు కంప్యూటర్‌లో గీసిస్తాను. ఏ రంగు పోగు పక్కన ఏ రంగు, ఎన్ని పోగులకొక గీత... అంతా తెర మీదే.

పోయిన ఆయుధపూజ రోజు. మా వైపు ఆ రోజు పనిముట్లన్నిటికీ పూజ. కత్తెర, కత్తిపీట, బండి, తరాజు... వేటికైనా గంధం, కుంకుమ, పూలు. పూజ అయ్యాక వాటిని ముట్టుకోకూడదు. మరునాడు, విజయదశమి పొద్దున మాత్రమే మళ్ళీ చేతికి తీసుకోవాలి. నాన్న దీన్ని చాలా గట్టిగా పట్టేవాడు. మగ్గంలో ఒక్కొక్క కొయ్యకూ తానే బొట్టు పెట్టేవాడు. "ఈ రాత్రికి ఇవి నిద్రపోతాయప్పా. లేపగూడదు" అనేవాడు. లేపితే ఏమవుతుందని నేను చిన్నప్పుడు అడిగాను.  నాన్న నా మొహం వైపు చూసి, దీపం తగ్గించాడు. అంతే.

ఆ పొద్దున అత్త కంప్యూటర్‌కు పూజ చేసింది. తెరకొక బొట్టు, పెట్టె మీద మీటకొక బొట్టు, కీబోర్డు మీద చామంతులు. బొరుగులూ శనగలూ నైవేద్యం. నేను ముందే పద్ధతిగా ఆపేసి ఉంచాను.

దీపాలు పెట్టే వేళకు ఏకాంబరం ఫోన్ చేశాడు. అతనికిప్పుడు పవర్‌లూములున్నాయి. వాళ్ళ నాన్న ఇదే కొట్టంలో, మా తాత దగ్గర నేసేవాడు. ఆ అలవాటుతో ఏకాంబరం నన్ను ఇంకా 'అయ్యా' అంటాడు. నాకు ఆ పిలుపు కావాలి. దాచడం ఎందుకు.

"అయ్యా, ఆ కొత్త గళ్ళు పొద్దున్నే కావల్ల. తెల్లారి నల్ల నేరంలో పడుగు ఎక్కిస్తా ఉండాను. ఈరోడ్‌వాడు ఒకడు డిజైను పట్టుకోని వచ్చి కూసోనుండాడు. మీరు ఊ అంటే వాణ్ని పంపించేస్తా."

పండగ దాటాక ఇస్తానన్న పని అది. ఇప్పుడు మంచి గడియ అంటున్నాడు. ఆ గళ్ళు మామూలువి కావు. మా తాత నేయించిన పాత గళ్ళు. అత్త దగ్గరున్న చిరుగుపాత చూసి, పోగు పోగూ లెక్కపెట్టి మళ్ళీ గీశాను. మా ఇంటి గళ్ళు మళ్ళీ బజారుకెక్కేది దీంతోనే. అతను కాదంటే మరొకరు తీసుకోరు.

"ఊ" అన్నాను. "తెల్లవారేసరికి నీ గుమ్మంలో ఉంటాను."

మాట ఇచ్చేశాను. డిజైను మాత్రం ఆ పెట్టెలోనే ఉంది. ఇంకెక్కడా నకలు లేదు. ఈ రాత్రే తీసి ఉంచుకోవాలనుకున్నాను.

అత్త పక్కింటికి బొమ్మల కొలువు చూడ్డానికి బయలుదేరుతోంది. నేను కుర్చీ లాగడం చూసింది.

"యాడికప్పా చెయ్యి పోతాండాది? అది పూజలో ఉండాది."

"ఒక్క నిమిషం పనత్తా."

"నీ మొండి నీది. మీ నాయన ఉంటే చెయ్యి ఇరగ్గొట్టుండును" అంటూ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. వెనకే నేను తలుపు గడియ పెట్టాను. నేనే పెట్టాను. ఇది గుర్తుంచుకోండి.

మీట మీది బొట్టును పంచె కొంగుతో తుడిచాను. నొక్కాను.

ఏమీ లేదు.

మళ్ళీ నొక్కాను. పెట్టె మీది దీపం వెలగలేదు. ఫ్యాన్ తిరగలేదు. చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా లేదు. గదిలో కరెంటు నిక్షేపంగా ఉంది.

మా చెల్లెలి మొగుడు మునిరత్నానికి ఫోన్ చేశాను. వేలూరు సత్తువాచారిలో వాడికి కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను.

"ఏంది బావా, పండగపూట? శనగల శుండల్ గొంతులో అడ్డం పడిందా?"

విషయం చెప్పాను.

"అయ్యయ్యో, వేండాం, వద్దు బావా! ఈ పొద్దు నా స్క్రూడ్రైవరే పూలు పెట్టుకోని పండుకోనుండాది. పొద్దున వస్తా కదా బావా."

"పొద్దున నాకు పనికిరాదు. చెప్పేది చెప్పు. చేసేది నేను."

"జమీందారు గొంతు వచ్చేసింది. సరే బావా. ముందు ప్లగ్గు చూడు. వేరే దాన్లో పెట్టి చూడు."

వెనక్కి వంగి ప్లగ్గు తీశాను. గోడకున్న ఇంకో దాంట్లో పెట్టాను. లేచి మీట నొక్కబోయి... ఆగాను.

మీట మీద బొట్టు ఉంది.

గంధం. దాని మీద కుంకుమ.

ఇందాక సరిగ్గా తుడవలేదేమో అనుకున్నాను. పంచె కొంగు చూసుకున్నాను. ఎర్రటి మరక ఉంది. మళ్ళీ తుడిచాను. ఈసారి గట్టిగా, మీట తళతళలాడేదాకా. కొంగు మీద రెండో మరక పడింది... చల్లగా తగిలింది. పొద్దున పెట్టిన గంధం సాయంత్రానికి ఎండి రాలిపోవాలి. ఇది తడిగా ఉంది.

"బావా, ఉండావా?"

"ఉన్నాను."

"వచ్చిందా బావా?"

"రాలేదు."

"అట్లయితే వైరు పూర్తిగా పీకెయ్ బావా. పీకినాక మీట కొంచేపు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతాది. ఆమేలిక పక్క రేకు ఇప్పి, ర్యామ్ అని పొడుగు బద్ద ఉంటాది చూడు, దాన్ని తియ్. కింద బంగారు పళ్ళు మాదిరి ఉంటాయి. పెన్సిల్ రబ్బర్‌తో రుద్దు బావా."

వైరు పీకాను. పూర్తిగా. పెట్టె వెనకనుంచీ గోడనుంచీ. చుట్ట చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. మీట నొక్కి పట్టుకున్నాను. మరలు విప్పి పక్క రేకు తీశాను. లోపల దుమ్ము, సాలెగూడు. అంతే. బొట్టూ లేదు, పువ్వూ లేదు. నేను బాగా చూశాను. ర్యామ్ బద్ద తీసి రబ్బర్‌తో రుద్దాను. ఊది, మళ్ళీ దాని గాడిలో నొక్కాను. టిక్కుమంది.

గది నిశ్శబ్దంగా ఉంది. మునిరత్నం కూడా ఏమీ అనడం లేదు.

అప్పుడు పాదాల కింద చల్లబడింది.

సిమెంటు చల్లగానే ఉంటుంది, నిజమే. కానీ ఇది వేరు. గుంటలో కాళ్ళు పెట్టుకున్నప్పటి చల్లదనం. చిన్నప్పుడు నాన్న లేనప్పుడు దొంగతనంగా దిగి కూర్చునేవాణ్ని. అదే చల్లదనం. అదే తడిమట్టి వాసన.

టక్.

కదలలేదు నేను.

టక్... సర్ర్... టక్.

పెట్టెలో ఫ్యాన్ కదిలింది. వైరు నా ఒళ్ళో ఉంది. రెండు కొసలూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఫ్యాన్ తిరిగింది. గిర్రున కాదు... ఒక్కో రెక్కా కనబడేటంత నెమ్మదిగా. ఇటు కాస్త. ఆగింది. అటు కాస్త. ఆగింది.

టక్... సర్ర్... టక్.

ఆ శబ్దం నాకు తెలుసు. మగ్గం మీద నాడె పోగును లాక్కుని ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తే శబ్దం. ఆ శబ్దం వింటూ పెరిగినవాణ్ని. అది పెట్టెలోంచి వస్తోందా... నా పాదాల కిందనుంచా... చెప్పలేను. ఇప్పటికీ చెప్పలేను.

ఫోన్‌లోంచి గొంతు వచ్చింది.

"మగ్గం మళ్ళీ యాడ తెచ్చినావు?"

ఒళ్ళోని వైరు రెండు కొసలూ గుప్పిట పట్టుకున్నాను. అదే గొంతు మళ్ళీ వచ్చింది.

"నిలిపెయ్. పొద్దున చూద్దాం."

"సరే... సరేరా మునిరత్నం" అన్నాను. 

శబ్దం ఆగింది. ఫ్యాన్ ఆగింది. రేకు మూద్దామని వంగాను.

లోపల బొట్లు ఉన్నాయి.

ఫ్యాన్ నడుమ ఒకటి. ఇనప చట్రానికి నాలుగు మూలలా. వైర్ల ముడి దగ్గర ఒకటి. ఇప్పుడే రుద్ది పెట్టిన ర్యామ్ బద్ద మీద ఒకటి... అన్నిటికన్నా పెద్దది. దాన్నుంచి గంధపు నీరు సన్నగా కిందికి జారుతోంది. నేను చూస్తూండగానే జారుతోంది. కుంకుమ గంధానికి నడుమన లేదు. కింది అంచున ఉంది.

నేను దేన్నీ తుడవలేదు. రేకు మూశాను. మరలు బిగించాను. చామంతులు తిరిగి కీబోర్డు మీద పరిచాను. ఫోన్ తీసి చూశాను. తెర నల్లగా ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు. ఛార్జ్ అయిపోయిందనుకున్నాను. గుమ్మం దగ్గర, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. కూర్చోలేదు. కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనుతాయి అనిపించింది... నిలబడ్డా ఆనుతాయి కదా. అప్పుడు ఆ మాట తోచలేదు.

అత్త వచ్చి తలుపు తట్టింది. గడియ తీశాను. పెట్టినట్టే ఉంది గడియ. ఆమె నేరుగా కంప్యూటర్ దగ్గరికి పోయింది. మీట వైపు వంగి చూసి, నవ్వు మొహంతో నా వైపు తిరిగింది.

"మళ్ళీ నువ్వే పెట్టినావా అప్పా? కుంకం కింది అంచున... అచ్చం మా అన్న పెట్టినట్టే పెట్టినావే!"

నేను పెట్టలేదు. అప్పుడు ఆమెకు చెప్పలేదు.

తెల్లవారకముందే స్నానం చేశాను. అత్త హారతి ఇచ్చింది. వైరు పెట్టి మీట నొక్కాను. మొదటిసారికే వచ్చింది. డిజైను నేను వదిలినట్టే ఉంది. తీసుకుని పోయాను. ఏకాంబరం లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. ఈరోడ్ మనిషి చూస్తుండగానే. మా ఇంటి గళ్ళు పడుగెక్కాయి. నేను గెలిచాను. కానీ ఆ పవర్‌లూములు కదిలిన శబ్దానికి ముందు నా పాదాల కింద చూసుకున్నాను. దారం మంచిదేనా అని చూసే నెపంతో పక్కకు జరిగాను.

మధ్యాహ్నం మునిరత్నం వచ్చాడు. జరిగినది చెప్పాను. వాడు రేకు విప్పాడు. లోపల దుమ్ము, సాలెగూడు. ఒక్క బొట్టు లేదు.

"గంధం నీళ్ళు మీటలోకి దిగుంటాయి బావా, అందుకే రాలేదు. ఆరినాక వచ్చింది. వైరు పీకినా లోపల కాస్త కరెంటు నిలిచుంటాది, ఫ్యాన్ ఒక చుట్టు తిరగొచ్చు. పండగరోజు కడుపులో ఏమీ లేదు కదా, కళ్ళు తిరిగుంటాయి బావా."

"మరి ఆ శబ్దం నువ్వు కూడా విన్నావు కదరా. మగ్గం యాడ తెచ్చినావని అడిగావు కదా."

మునిరత్నం స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నేనెప్పుడు అడిగినా బావా? రబ్బర్‌తో రుద్దమంటాండంగానే కాల్ కట్టయిపోయింది. మళ్ళీ మళ్ళీ చేసినా. స్విచ్ ఆఫ్ అనే వచ్చింది. కావాలంటే చూడు బావా." వాడి ఫోన్ నా ముందు పెట్టాడు.

చూశాను. వాడు చెప్పింది నిజమే.

మునిరత్నం 'బావా' అనకుండా ఒక్క మాట మాట్లాడడు. మీరూ విన్నారుగా. ఆ రాత్రి ఫోన్‌లో చివర వచ్చిన రెండు మాటల్లో ఆ పిలుపు లేదు. ఆ గొంతు మునిరత్నానిదేనని ఎందుకనుకున్నానో నాకు తెలియదు. తరువాత జరిగినదంతా విని, అది ఎవరి గొంతులా ఉందని అత్త ఒకసారి అడిగింది. తెలియదన్నాను.

మళ్ళీ ఆయుధపూజ వస్తోంది. డిజైన్లన్నీ ముందే నకలు తీసి ఏకాంబరానికి ఇచ్చేశాను. కంప్యూటర్ వైరు ముందురోజే పీకేస్తాను. ఈసారి ఫోన్‌ను కూడా ఆపేసి పూజలో పెట్టమని, దానికీ బొట్టు పెట్టమని అత్తకు చెప్పాను. నా పిరికితనానికి ఆమె నవ్వింది. నవ్వనీ.

ఆపేసిన ఫోన్ మోగదు. ఆ మాత్రం నాకూ తెలుసు.

కానీ మోగితే... ఎత్తి 'ఎవరు' అని అడగాలా, 'నాన్నా' అని పిలవాలా? అదే తేలడం లేదు.