నఫీసా ఆంటీ, కిస్మిస్, ఆ ఏటి ఒడ్డు

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మా బ్లాకు లిఫ్టులో నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంది. దోమలు కుట్టకుండా ఎవరో పిల్లల కాళ్లకు రాసి కిందికి తీసుకెళ్లినట్టున్నారు. సింగపూర్‌లో, మేముండే యీషున్‌లో అదేమీ వింత కాదు. కానీ నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. ఆ నూనెను గుర్రం మెడకూ చెవుల వెనకా ఈగలు వాలకుండా రాయడం నాకు నేర్పిన మనిషి మా కింది అంతస్తులోనే ఉండేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

నఫీసా ఆంటీది నల్లగొండ. పెళ్లయ్యాక కొన్నేళ్లు హైదరాబాదులో ఉండి, భర్త ఉద్యోగం వల్ల సింగపూర్ వచ్చారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో అచ్చమైన నల్లగొండ తెలుగు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక కూతురు సనాతో ఉండేవారు. ఆవిడ తండ్రి ఒకప్పుడు పోలీసు గుర్రాల సాలలో పనిచేశాడట. ఆ ఇష్టం ఆవిడకూ వచ్చింది. వంతెన అవతల, మలేషియాలోని జొహోర్‌లో ఒక సాలలో ఆవిడకు కిస్మిస్ అనే ఆడగుర్రం ఉండేది. పందేల నుంచి తీసేసిన గుర్రం, పేరుకు తగ్గట్టే ఎండుద్రాక్ష రంగు. అప్పుడప్పుడూ సాలవాళ్లు గుర్రాలను లారీలో ఎక్కించి, అడవి అంచున ఒక ఏటి ఒడ్డుకు తెచ్చేవారు. గుర్రాలను పక్కనే కట్టేసుకుని గుడారాలు వేసుకోనిచ్చే చోటు అది. శని, ఆదివారాలు ఆంటీ అక్కడ ఉండేవారు.

నేను ఆవిడతో మొదటిసారి అక్కడికి వెళ్లింది నా కూతురు పోయిన తరువాత. ఏడో నెలలో కడుపులోనే పోయింది. సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసువాళ్లు పూలు పంపారు. తిరిగి పనిలో చేరాక ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేను ఆస్పత్రిలో ఉండగానే నా భర్త శ్రీధర్ ఉయ్యాల విప్పి ఎవరికో ఇచ్చేశాడు. నేను చూస్తే బాధపడతానని అలా చేశాడు. ఆ తరువాత మేమిద్దరం ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఒకరోజు ఆంటీ వచ్చి తలుపు తట్టారు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి అడిగారు.

“శనివారం ఏమన్న పనున్నదా బిడ్డా?”

“ఏం లేదాంటీ.”

“అయితే పాత బట్టలేస్కొని రా. నా గుర్రానికి నీళ్లు మోయాలె, నాకు నడుము పట్టింది.”

ఆవిడ నడుముకు ఏమీ కాలేదని అక్కడికి వెళ్లాక తెలిసింది. అయినా నీళ్లు నా చేతే మోయించారు. రెండు చెట్ల మధ్య తలకంటే ఎత్తున తాడు కట్టి, కిస్మిస్‌ను దానికి కట్టాలి. నేను తాడు తీసుకెళ్లి నేరుగా చెట్టుకు చుట్టబోతే ఆపారు. “ముందుగాల వెడల్పు పట్టీ చుట్టు. గుర్రం గుంజితే బెరడు ఊడొస్తది. రేపు ఇంకొకరు వస్తరు గద ఈ చెట్టు కిందికి.” గుర్రానికి నీళ్లు, గడ్డి పెట్టాకే మాకు చాయ్. పేడ ఎత్తి దూరంగా వేసి వచ్చాకే భోజనం. అంతసేపూ ఆంటీ నాతో ఒక్క ఓదార్పు మాట అనలేదు. చాలా రోజుల తరువాత నాకు ఆకలి వేసింది.

మర్నాడు పొద్దున కిస్మిస్‌ను ఏట్లోకి దింపాం. మోకాలి లోతు నీళ్లు. ఆంటీ ఒక పక్క, నేను ఒక పక్క నిలబడి ఒళ్లు రుద్దుతున్నాం. మా ఇద్దరి మధ్యా గుర్రం వీపు ఉంది. నాకు ఆవిడ ముఖం కనిపించడం లేదు, చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. ఉన్నట్టుండి అడిగారు.

“పాపకు ఏం పేరు అనుకున్నరు?”

అంతవరకూ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు. రుద్దడం ఆపి చెప్పాను.

“మేఘన.”

“మేఘన,” అన్నారు ఆవిడ నెమ్మదిగా. “మంచిగున్నది పేరు.”

కిస్మిస్ మెడ మీద తల ఆనించి ఏడ్చాను. గుర్రం కదలకుండా నిలబడింది. ఆంటీ రుద్దడం ఆపలేదు. నా ఏడుపు తగ్గాక, అదే గొంతుతో చెప్పారు. “నాకొక కొడుకుండె. అనీస్. మూడేండ్ల పిల్లగాడు. జొరమొచ్చి పోయిండు, హైదరాబాదుల ఉన్నప్పుడు. మీ అంకుల్ ఫోటోలన్నీ తీసేసిండు. ఇంట్ల ఆ పేరు తియ్యొద్దన్నడు. తట్టుకోలేకపోయిండు పాపం, ఆయన్నేమంటం? నేనెవరికి చెప్పుకోను? మా అబ్బాజాన్ సాలకు పోయి గుర్రాలకు చెప్పిన.”

అంతలోనే నవ్వారు. “రొట్టె అంచులే తినేటోడు. నడుమది నా నోట్ల పెట్టేటోడు.”

ఆ ఆదివారం ఇంటికి వచ్చాక శ్రీధర్‌తో పాప పేరు ఎత్తాను. అతను ఉయ్యాల సంగతి తనే చెప్పుకుని ఏడ్చాడు. మా ఇద్దరి మధ్యా పాప మాట మొదలైంది ఆ రోజే.

తరువాత మాకు నిఖిల్ పుట్టాడు. వాడు నడక నేర్చాక వాణ్నీ ఏటి ఒడ్డుకు తీసుకెళ్లాను. ఆంటీ వాడి గుప్పిట్లో క్యారెట్ ముక్క పెట్టి, అరచెయ్యి చాపి ఉంచమనేవారు. వాడు “నో లా, బైట్ చేస్తది!” అని ఇక్కడి యాసలో అరిచి నా వెనక దాక్కునేవాడు.

ఆంటీకి ఊపిరితిత్తుల జబ్బు బయటపడేసరికే ముదిరిపోయింది. చివరిసారి సనా కారులో తీసుకొచ్చింది. ఏటి ఒడ్డున మడతకుర్చీలో కూర్చోబెట్టాం. గుర్రం ఎక్కే బలం లేదు. కిస్మిస్ తల వంచి ఆవిడ ఒళ్లో పెడితే, రెండు చేతులూ దాని చెంపల మీద ఉంచి చాలాసేపు ఉర్దూలో ఏదో చెప్పారు. ఆ తరువాత నన్ను ఎక్కమన్నారు. నేను గుర్రాన్ని నీళ్లలోకి నడిపిస్తూ, ఆవిడ ఎలా ఉన్నారోనని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాను.

“నన్నెందుకు చూస్తవ్? గుర్రం చెవుల నడుమ నుంచి చూడు. అటే పోతది అది,” అని కేకేశారు. ఆ కేకకే దగ్గు వచ్చి, సనా ఆవిడ వీపు నిమరవలసి వచ్చింది.

ఖననం అయిన కొన్ని రోజులకు సనా మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

“అక్కా, లాస్ట్ వీక్ అంతా అమ్మీ ఎవరినో పిలిచింది. అనీస్, అనీస్ అని. నర్స్ కూడా నన్ను అడిగింది, హూ ఈజ్ దట్ అని. ఐ డోంట్ నో లా. నీకు తెలుసా?”

కన్నకూతురికి తెలియదని నేను ఏనాడూ అనుకోలేదు. అంకుల్ పోయాక కూడా ఆ ఇంట్లో ఆవిడ నోరు విప్పలేకపోయారన్నమాట. చెప్పడానికి నేనెవరినని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆఖరి ఊపిరి దాకా పిలిచిన పేరు అది. దాన్ని నా దగ్గర దాచుకునే హక్కు నాకు లేదు.

“మీ అన్నయ్య,” అన్నాను. “నువ్వు పుట్టకముందే పోయాడు.”

సనా కప్పు కింద పెట్టింది. ముఖమంతా ఎర్రబడింది. ఎలా ఉండేవాడని అడిగింది. మూడేళ్లవాడనీ, జ్వరంతో పోయాడనీ, రొట్టె అంచులే తినేవాడనీ చెప్పాను. ఇంకా, ఇంకా అన్నట్టు నా వైపు చూస్తూనే ఉంది. నా దగ్గర అంతకుమించి లేదు. నల్లగొండలో, హైదరాబాదులో వాణ్ని ఎత్తుకున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఒక పిల్లవాడి మూడేళ్ల బతుకులో ఈ భూమ్మీద మిగిలింది ఆ నాలుగు మాటలే. వాటిని ఆ పిల్ల నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

ఇక్కడ కొత్తగా పరిచయమైనవాళ్లు ఎంతమంది పిల్లలని అడుగుతారు. ఇదివరకు ఒక్కడే అనేదాన్ని. ఇప్పుడు ఇద్దరు అంటాను. పెద్దది లేదు అంటాను. చాలామంది తడబడి మాట మార్చేస్తారు, వాళ్లను నేను తప్పుపట్టను. ఎప్పుడో ఒకరు మాత్రం ఆగి, పేరేమిటని అడుగుతారు. అప్పుడు చెబుతాను.