కొత్త ర్యామ్‌కు పసుపు బొట్టు

త్రిమూర్తులు చెడ్డవాడేమీ కాదు. పెద్దాపురంలో పాతికేళ్ళుగా మెకానిక్కు. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత ఎవరూ నేర్పకుండానే కంప్యూటర్లు బాగుచేస్తూ వచ్చాడు. అలాంటి మనిషికి యాభై ఒకటో ఏట ఓ ఆడపిల్లను చూసి కడుపు మండడం మొదలైంది.

ఆ పిల్ల పేరు దుర్గాశ్రీ. కాకినాడలో హార్డ్‌వేర్ కోర్సు చదివి, రెండు వేల రెండులో సరిగ్గా అతని కొట్టుకు ఎదురుగానే షాపు తెరిచింది. అద్దాల తలుపు, గోడకు సర్టిఫికెట్టు. కనపడినప్పుడల్లా "నమస్కారం బాబాయిగారూ" అనేది. ఆ నమస్కారానికే అతనికి ఒళ్ళు మండేది. తిట్టుకోవడానికి చిన్న సాకైనా ఇవ్వకుండా అంత మర్యాద దేనికని అతని బాధ. టంకం పెడుతూ పెడుతూ తలెత్తి, ఆమె షాపు ముందు ఎన్ని బళ్ళు ఆగాయో చూసుకునేవాడు.

ఎవరు అటు వెళ్ళినా ఓర్చుకున్నాడు గానీ, రత్నమాణిక్యంగారి డీటీపీ షాపు పని కూడా అటే వెళ్ళిపోవడం మాత్రం మింగుడుపడలేదు. ఊళ్ళో శుభలేఖలు, కరపత్రాలు చాలావరకు ఆవిడ దగ్గరే తయారవుతాయి. నాలుగేళ్ళపాటు అక్కడి కంప్యూటర్ మూత తీసింది అతనొక్కడే. వెళితే ఫ్యాను కింద కుర్చీ వేయించి, టీ తెప్పించి, "త్రిమూర్తులుగారు లేకపోతే మా పని అయినట్టేనండి" అని నలుగురి ముందూ అనేవారు. ఇప్పుడు ఆ మాట దుర్గాశ్రీకి దక్కుతోంది. అది మళ్ళీ తన చెవిన పడితే చాలు, అతనికి అంతకుమించి కోరిక లేదు.

మరిడమ్మ జాతరకు వారం ముందు, ఓ శనివారం పొద్దున్నే రత్నమాణిక్యంగారు స్వయంగా అతని కొట్టు మెట్లెక్కారు.

"సిస్టం లేవట్లేదండి. నిన్న దుర్గాశ్రీ కొత్త ర్యామ్ వేసింది. వేసినప్పుడు బానే ఉంది. ఇవాళ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి ఒకటే కూతండి. ఆ అమ్మాయి చుట్టాలింట్లో పెళ్ళని రాజమండ్రి వెళ్ళిపోయింది. జాతర కరపత్రాలు సాయంత్రానికల్లా ప్రెస్సుకు అందాలండి."

ముఖం విచారంగా పెట్టుకోవడానికి త్రిమూర్తులు నానా అవస్థ పడ్డాడు. లోపల మాత్రం పండగే. "చదువుకున్నోళ్ళకి తొందరెక్కువండి," అంటూ స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని బయలుదేరాడు.

స్విచ్ వేసి విన్నాడు. ఆగి ఆగి పొడుగ్గా బీప్. మెమరీ అందడం లేదని దాని అర్థం. కొత్త ర్యామ్ తీసేసి పాతదానితో చూస్తే లేచింది. కొత్తది పెడితే మళ్ళీ కూత. ఆ పిల్ల చెత్త సరుకు అంటగట్టిందని సంబరపడుతూ దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. సంబరం అక్కడే ఆగిపోయింది. ర్యామ్ మీద చక్కగా పసుపు బొట్టు, మధ్యలో కుంకుమ. శుక్రవారం, కొత్త సామాను. రత్నమాణిక్యంగారు పూజ చేసుకున్నారన్నమాట. తడి పసుపు కిందికి జారి, అంచునున్న బంగారు రంగు గీతల మధ్య ఎండి గట్టిపడింది.

బల్ల మీదున్న రబ్బరు తీసుకుని ఆ గీతలు మెరిసేదాకా రుద్దాడు. బ్రష్‌తో లోపలంతా దులిపి, ర్యామ్ మళ్ళీ బిగించి స్విచ్ వేశాడు. చిన్నగా ఒక్క బీప్. తెర మీద మెమరీ అంకెలు పరుగెత్తాయి.

"హమ్మయ్య. ఏమైందంటారండీ?" అన్నారు రత్నమాణిక్యంగారు.

పసుపని చెబితే ఆవిడ నొచ్చుకుంటారు. పైగా ఆ పిల్ల తప్పేమీ లేదని తేలిపోతుంది. "సరిగ్గా బిగించలేదండి. చేతికి అనుభవం లేకపోతే ఇలాగే అవుద్ది," అన్నాడు.

"ఇకమీదట మీరే చూసుకోండి. అసలు త్రిమూర్తులుగారు లేకపోతే మా పని అయినట్టేనండి."

ఆ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. టీ కూడా వచ్చింది.

అంతలో ఫోను మోగింది. ఆవిడ పొద్దున చుట్టాలింటికి కబురు పెడితే, దుర్గాశ్రీ ఇప్పుడు మాట్లాడుతోంది. "లేచిందిలేమ్మా, త్రిమూర్తులుగారొచ్చి బాగుచేశారు. నువ్వు సరిగ్గా బిగించలేదంట," అన్నారు రత్నమాణిక్యంగారు ముభావంగా. కాసేపు విని, ఫోను అతనికి అందించారు. "మీతో మాట్లాడుద్దంట."

"బాబాయిగారూ, బీప్ పొడుగ్గా ఆగి ఆగి వచ్చిందాండీ?"

"ఆఁ."

"నేను గట్టిగా నొక్కి చూసుకునే వచ్చానండి. మూత వెయ్యబోతుంటే అమ్మగారు ర్యామ్‌కి బొట్టు పెడతానని ఆపారు. పసుపేమైనా కిందకి దిగిందేమో చూశారాండీ?"

మూత తీసి, మార్చి మార్చి పెట్టి, వెలుగులో తిప్పితే గానీ తనకు అంతుబట్టని సంగతిని ఈ పిల్ల రాజమండ్రిలో పెళ్ళిపందిట్లో ఉండి చెబుతోంది. త్రిమూర్తులుకు అసూయ గొంతుదాకా వచ్చింది. కాదంటే సరిపోతుంది, వచ్చి చూసేవాళ్ళు లేరు. రత్నమాణిక్యంగారికి అబద్ధం చెప్పడానికి క్షణం పట్టలేదు, ఆవిడకు ఈ పని తెలియదు గనక. పని తెలిసిన మనిషి అడిగేసరికి మాత్రం అబద్ధమాడడానికి అతనికి నోరు రాలేదు.

"పసుపేనమ్మా," అన్నాడు. "నువ్వు సరిగ్గానే బిగించావు."

రత్నమాణిక్యంగారు తలెత్తి అతనికేసి చూశారు. అతను ఫోను పెట్టేసి, కంప్యూటర్ మూతకు స్క్రూలు బిగించి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఈసారి బొట్టు ఎక్కడ పెట్టాలో దుర్గాశ్రీని అడిగే పెడతాను లెండి."

సరేనన్నట్టు తలూపి మెట్లు దిగాడు. కడుపుమంట రవ్వంతైనా తగ్గలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల అదృష్టం చూసి ఏడ్చాడు. ఇకనుంచి పనితనం చూసి ఏడవాలి.