ఈశ్వరి మిషను ఆగిన రోజు

చీపురుపల్లిలో ఈశ్వరి కుట్టుమిషను ఆగిందంటే, విశాఖపట్నం నుంచి పలాస వెళ్ళే పాసింజరు కూడా స్టేషన్లో ఆగిపోయి, ఎందుకు ఆగిందో కనుక్కుని గాని కదలదు. నమ్మనివాళ్ళు ఆ రైలెక్కి చూసుకోవచ్చు. లేటైనప్పుడల్లా సిగ్నల్ లేదని చెప్పడం రైల్వేవాళ్ళ మర్యాద. పాపం ఉద్యోగస్తులు, జాకెట్లు కుట్టే ఆడమనిషి వల్ల లేటైందని కాగితం మీద ఎలా రాస్తారు?

స్టేషను రోడ్డులో ఇస్త్రీ సోములు బడ్డీకీ గురమ్మ పునుగుల బండికీ మధ్య ఉన్న ఇరుకు గది ఆమెది. తొక్కుడు మిషను, గోడకి వేలాడే జాకెట్లు, దారాల డబ్బాకి ఆనించిన ఫోను. పొద్దున్న తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఆ ఫోన్లో సినిమా నడుస్తూనే ఉంటుంది. కాకపోతే ఫోను మొహం గోడ వైపు ఉంటుంది. చూస్తూ కుడితే సూది వేల్లో దిగుతుందని ఆమె లెక్క. అలా ఈశ్వరి ఆరు వందల సినిమాలు విన్నది, ఒక్కటీ చూడలేదు. హీరోలు ఎలా ఉంటారో ఆమెకి తెలియదు గాని, ఎవడు మనసులోంచి ఏడుస్తున్నాడో, ఎవడు ముక్కు మూసుకుని ఏడుస్తున్నాడో చెప్పగలదు.

ఊళ్ళో ఏ సినిమా బాగుందో తెలుసుకోవాలంటే జనం ఫోన్లో రేటింగు చుక్కలు లెక్కపెట్టుకోరు. ఆ సినిమా నడుస్తుండగా ఈశ్వరి ఎన్ని జాకెట్లు కుట్టిందని అడుగుతారు. ఆమధ్య ఊరంతా బేనర్లు కట్టి, పాలు పోసి, టపాకాయలు కాల్చిన ఒక పెద్ద సినిమా ఎవరో ఫోన్లో ఎక్కించి ఇస్తే, అది అయ్యేలోగా ఈశ్వరి ఏడు జాకెట్లు కుట్టేసింది, అందులో ఒకటి లైనింగు జాకెట్టు. సాయంత్రానికి ఆ మాట బస్టాండు దాటింది. మర్నాడు హాల్లో టిక్కెట్లు చింపేవాడు, తెర మీద హీరో, ఇద్దరే మిగిలారు. అదే ఎవరూ పేరు వినని ఒక చిన్న సినిమాకి మిషను ఒక్కసారి ఆగింది. ఆ సినిమా మన దగ్గర ఆడినన్నాళ్ళు తీసినవాళ్ళ సొంతూళ్ళో కూడా ఆడలేదు.

సినిమాలతో ఊరుకుంటే ఆమె ఈశ్వరి ఎందుకవుతుంది? కొలతలిస్తూ ఎవరేం అడిగినా, మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, కొలతకి తగ్గట్టే చెబుతుంది. మొగుడితో గొడవపడి వచ్చినావిడకి ఏడుపు పాటలు చెప్పదు, దెయ్యాల సినిమా చెబుతుంది. ఆ భయంలో ఇంట్లో ఉన్న మనిషి కాస్త మంచివాడిలా కనిపిస్తాడట. గురమ్మ పునుగులు మొదటి వాయి వద్దని, రెండో వాయి తినమని, మూడో వాయికి గురమ్మ కబుర్లలో పడి మాడ్చేస్తుందని గురమ్మ ఎదురుగానే చెబుతుంది. సాయంత్రమైతే సీసా పట్టుకునే సోములుకి, ఆ వాసన ఇస్త్రీ బట్టలకి కూడా పడుతోందని, తాగక తప్పదనుకుంటే ఎండెక్కకముందు దించిన తాటికల్లు తాగి, పక్కన వేయించిన జీడిపిక్కలు పెట్టుకోమని చెప్పింది. సోములు మాట విన్నాడు. అప్పట్నుంచి అతను ఇస్త్రీ చేసిన చొక్కా మడత విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. క్రిస్మస్‌కి ఇంట్లో ద్రాక్ష వైను పెట్టే కాంతమ్మగారు చెంచాతో రుచి చూపిస్తే, నాలిక చివర అద్దుకుని, "ఇది వచ్చే క్రిస్మస్‌కి బాగుంటాదండి" అంది. కాంతమ్మగారు కోపం తెచ్చుకున్నారు, తరవాత సీసాలు మళ్ళీ అటక మీద పెట్టారు. ఆ మరుసటి ఏడాది కేకు మిగిలింది గాని వైను మిగల్లేదు.

అలాంటి ఈశ్వరి దగ్గరికి ధర్మేంద్ర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

ధర్మేంద్ర పగలు మేనమామ ఎరువుల కొట్లో బస్తాలు ఎత్తుతాడు. పెళ్ళిళ్ళకీ పండగలకీ డేవిడ్‌రాజు ఆర్కెస్ట్రాతో పాటు వెళ్ళి, పాటకీ పాటకీ మధ్య మైకు పట్టుకుని జోకులు చెబుతాడు. జనం నవ్వితే తను మనిషినని, నవ్వకపోతే బస్తానని అతనికి ఒక లెక్క. ఈమధ్య బస్తాగానే ఎక్కువ ఉంటున్నాడు. డేవిడ్‌రాజు మెత్తని మనిషి కాబట్టి భుజం మీద చెయ్యి వేసి మెత్తగానే చెప్పాడు, ఆదివారం సముద్రం ఒడ్డున భావనపాడులో గంగమ్మ పండగ ప్రోగ్రాంలో కూడా జనం నవ్వకపోతే ఆ టైములో ఇంకో రెండు పాటలు పెట్టుకుంటానని. అంటే ఇక కొట్లోనే ఉండిపొమ్మని.

అందుకని శనివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి, ఈశ్వరి గదిలో స్టూలు మీద కూర్చుని, మొత్తం ఐటం ఆమెకి వినిపించాడు. ధర్మేంద్రకి ఒక పద్ధతి ఉంది. మైకు ముందు అతను మన ఊళ్ళ మాట మాట్లాడడు. టీవీలో వార్తలు చదివేవాళ్ళలా, ఒక్కో అక్షరం ఉతికి ఆరేసినట్టు మాట్లాడతాడు. సినిమాల్లో మన మాట ఎప్పుడూ వాచ్‌మన్‌కో వంటవాడికో పెడతారు, హాల్లో అందరూ దానికే నవ్వుతారు. చిన్నప్పట్నుంచీ ఆ నవ్వు విని విని, తన మాటకి ఎవరూ అలా నవ్వకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. నవ్వించడం మాత్రం కావాలి.

పెళ్ళాం జోకు చెప్పాడు. డాక్టరు జోకు చెప్పాడు. మిషను టకటకమని సాగుతూనే ఉంది. గొంతు మార్చి నలుగురిని అనుకరించాడు. ఒక చెయ్యి కుట్టడం పూర్తయింది. తాగుబోతు జోకు చెబుతుంటే రెండో చెయ్యి కూడా అయిపోయింది. ధర్మేంద్ర కళ్ళ ముందు యూరియా బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

"ఎలాగున్నాదప్పా?" అని అక్క వరస కలిపి అడిగాడు చివరికి.

"జాకెట్టు అయిపోవస్తన్నాది" అంది ఈశ్వరి.

అప్పుడే అతని ఫోను మోగింది. వాళ్ళమ్మ సుభద్రమ్మ. ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకర్లోనే మాట్లాడాలి.

"ఒరే, బావనపాడు ఎల్తన్నావంట. సెప్పలేదేటి?"

"పోగ్రాం ఉన్నాదమ్మా."

"పోగ్రాం సంగతి నాకేటికి. ఎండు మెత్తళ్ళు తే. పోయినపాలి తెచ్చినావు సూడు, అవి మెత్తళ్ళా, సముద్రం ఒడ్డా? గిన్నిలో సగం ఇసకే."

"కడుక్కోవాల మరి."

"కడగలేదేటి? మూడు నీళ్ళు పోసినాను. ఇసక ఉండిపోనాది, మెత్తళ్ళు పోనాయి."

"నాన్న బాగానే తిన్నాడు కదే."

"తిన్నాడు. తిని, పన్నొకటి పళ్ళెం పక్కనెట్టినాడు."

"ఆ పన్ను ఎప్పట్నించో ఊగతన్నాదమ్మా. మెత్తళ్ళు లేకపోయినా పోయేదే."

"పోయిన దాని గురించి అలగ మాటాడకు."

"నాను మైకట్టుకుని నిలబడాల. సేతిలో ఎండుసేపల సంచేటమ్మా?"

"మైకు ఒక సేత్తోనే కదా పట్టుకుంటావు" అని సుభద్రమ్మ పెట్టేసింది.

గురమ్మ బాణలి చిటపటలు వినిపిస్తున్నాయి, సోములు దగ్గడం వినిపిస్తోంది. ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే గాని, మిషను మోతలో ఎవరికీ వినపడవు. ధర్మేంద్ర తలెత్తి చూశాడు. ఈశ్వరి మిషను మీదికి వంగిపోయి ఉంది. మొహం కనిపించలేదు, భుజాలు కదులుతున్నాయి. సోములు బొగ్గుల ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. గురమ్మ అట్లకాడతో సహా వచ్చింది. మూడో వాయి మాడింది.

"అప్పా, ఆగిందేటి?" అన్నాడు ధర్మేంద్ర.

"ఫోనెందుకు పెట్టేసినావు. ఉంచవలిసింది" అంది ఈశ్వరి తలెత్తకుండా. కాసేపటికి మిషను మళ్ళీ కదిలింది.

ఆదివారం సాయంత్రం భావనపాడు ఇసక మీద స్టేజీ. ముందు వరసల్లో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు, వెనకాల వలలవాళ్ళు, ఆ వెనకాల సముద్రం. ధర్మేంద్ర ఉతికి ఆరేసిన భాషలో డాక్టరు జోకు మొదలెట్టాడు. జనం సముద్రం వైపు చూశారు, రోజూ చూసే సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నట్టు. స్టేజీ పక్కనుంచి డేవిడ్‌రాజు పాట అందుకోమని కీబోర్డు కుర్రాడికి వేలు చూపించాడు. ఆ వేలు చూడగానే ధర్మేంద్ర, ఇక పోయేదేం లేదనుకున్నాడు. మైకు ఎడంచేతికి మార్చి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"మాయమ్మ మెత్తళ్ళు తెమ్మన్నాది. ఇసక లేకుండా ఎవులి కాడ దొరుకుతాయమ్మా?"

జనం గతుక్కుమన్నారు. ముందు వరసలోంచి బుల్లమ్మ అనే పెద్దావిడ లేచి నిలబడింది. ఆ ఒడ్డున ఆవిడ ఎండబెట్టిన చేపలు తినని ఊరు లేదు.

"మా మెత్తళ్ళలో ఇసకేటి? ఎవులన్నారు?"

ధర్మేంద్ర వెక్కిరిస్తున్నాడనుకుంటే ఇక్కడే పాతేస్తారు. అతనికి ఒకటే దారి కనిపించింది. "నాననలేదు, మాయమ్మన్నాది. మీరూ మీరూ సూసుకోండి" అని ఫోను కలిపి మైకు దగ్గర పెట్టాడు.

ఆ తరవాత జరిగింది చెబితే పక్క జిల్లావాళ్ళు నమ్మరు. చీపురుపల్లి వంటింట్లోంచి సుభద్రమ్మ, భావనపాడు ఒడ్డునుంచి బుల్లమ్మ, మధ్యలో రెండు పెద్ద స్పీకర్లు. ఇసక మీద ఎండబెట్టినా కింద పాత వల పరిచే ఎండబెడతామని బుల్లమ్మ, ఆ వలకి నా మొగుడి పన్నంత కన్నాలున్నాయేమోనని సుభద్రమ్మ. పన్ను గురించి విన్నాక బుల్లమ్మ మెత్తబడి, ఆ పన్ను పైదా కిందదా అని అడిగింది. మధ్యమధ్య ధర్మేంద్ర ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. వెనక వరసల్లో మగవాళ్ళు ఇసక మీద దొర్లారు. అలలు ఒడ్డుదాకా వచ్చి, వెనక్కి పోకుండా అక్కడే నిలబడి విన్నాయి. ఒడిశా వైపు వెళ్తున్న పడవలు మూడు దారి తప్పాయి. అందరికంటే ఆలస్యంగా డేవిడ్‌రాజు నవ్వాడు, ఎందుకంటే నవ్వడానికి ముందు కీబోర్డు కుర్రాడిని ఆపాల్సొచ్చింది.

వాళ్ళు నవ్వింది తన మాటని చూసి కాదని ధర్మేంద్రకి స్టేజీ మీదే తెలిసింది. వాళ్ళూ అదే మాట మాట్లాడుతున్నారు. దిగి వస్తుంటే బుల్లమ్మ మెత్తళ్ళ సంచీ అతని చేతిలో పెట్టి, "ఇసక ఉంటే మీయమ్మని మళ్ళీ పోను సెయ్యమను" అంది.

వేన్లో తిరిగొస్తున్న దారిలో డేవిడ్‌రాజు వచ్చే మూడు ప్రోగ్రాంలకీ అతని పేరు ఖాయం చేశాడు, ఫోన్లో సుభద్రమ్మగారిని కూడా. సుభద్రమ్మ మాత్రం సాయంత్రాలు సీరియల్ టైం తప్పించి పెట్టుకోమంది. బస్తాలు ఎత్తడానికి మేనమామ వేరే మనిషిని వెతుక్కుంటున్నాడు.

ఇప్పుడు చీపురుపల్లిలో ఎవర్నడిగినా ఒకటే చెబుతారు. ధర్మేంద్రని నిలబెట్టింది ఈశ్వరి. ఎన్నో సినిమాలకి ఆగని మిషనుని వాడి మాట కోసం ఆపింది, ఆపి, నీ నోరు ఇదిరా అని వాడికి చూపించింది. రామతీర్థం నుంచి, ఆ పై ఊళ్ళ నుంచి కూడా కుర్రాళ్ళు పాటలూ స్కిట్లూ పట్టుకుని ఆమె గది ముందు కూర్చుంటున్నారు. ధర్మేంద్ర ఒక రోజు స్వీటు డబ్బాతో వచ్చి, అందరి ముందూ ఆమె కాళ్ళకి దండం పెట్టి, తన కోసం మిషను ఆపిన దేవత అని చెప్పబోయాడు.

ఈశ్వరి డబ్బా తీసుకుని, మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"నీ కోసం నానేటీ ఆపలేదురా. అడుగు బాబిన్లో దారం అయిపోనాది."