ముల్లు ఆగేదాక

బోధన్ బస్సులో ప్రింటు కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర పెన్నుతో గీతలు కొడుతూ కూర్చున్నాను. చెరుకు బండ్లను తూచే ఎలక్ట్రానిక్ కాంటా నుంచి బరువును కంప్యూటరుకు చేర్చే ప్రోగ్రాం అది. రాసింది నా కింద పనిచేసే ఇంజనీరు, తప్పులు పట్టడం నా పని. లోపలి అంకెలకు పెట్టిన ఒక్క పేరూ తిన్నగా లేదు, వరుసల మధ్య ఖాళీలు అడ్డదిడ్డం. ఎక్కడా ఒక్క వివరణ లేదు. చిరాకుతో నా తల వేడెక్కిపోయింది.

"ఎవలి మీద సారూ, గంత గరమైతున్నవ్?" అన్నాడు పక్క సీట్లోని రైతు.

ఈ ప్రోగ్రాం మీదేనని, బండి కాంటా ఎక్కగానే బరువు దానంతటదే కంప్యూటర్లో పడుతుందని, వదిలించుకోవడానికి రెండు ముక్కల్లో చెప్పాను.

"ఎక్కంగనేనా? ఎడ్లు నిలవడాలె గద సారూ! అవి కాళ్ళు కదిలిస్తుంటే ముల్లు ఊగుతనే ఉంటది. మా కాంటాయన ముల్లు ఆగేదాక రాయడు. మీ మిషిను ఆగుతదా?"

"అవన్నీ అదే చూసుకుంటుంది!" అని కసిరాను.

ఎడపల్లిలో దిగబోతూ ఆయన, "మా ఎడ్లను జర యాదిల పెట్టుకో సారూ," అన్నాడు.

బస్సు కదిలాక, విసుక్కుంటూనే బరువు చదివే పేజీ వెతికి తీశాను. ప్రోగ్రాం ఒక్కసారి చదివి, కనపడ్డ అంకెను అలాగే పంపేస్తోంది. ఆగడమన్నది ఎక్కడా లేదు. ఆ పేజీలో నేను పెట్టిన ఎర్ర గీతలు పదకొండు, అన్నీ పేర్ల మీదా, ఖాళీల మీదా. అడుగున, అంతా చూశానంటూ నేను చేసిన సంతకం.