దీనికా నన్ను దొంగ అనింది?

మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాక, ఇంట్లో చేసుకొచ్చిన పాస్తా సలాడ్ డబ్బా తెరిచాను. ఉడికించి చల్లార్చిన పాస్తాలో టమోటా, కీరా ముక్కలు, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపాను. పక్కసీటులోని పెద్దామె దాన్నే చూస్తుంటే, మూతలో కొంచెం పెట్టి ఇవ్వబోయాను.

ఆమె చేయి చాపలేదు. "హార్స్లీ కొండమీద రిసార్టులో ఏడేండ్లు దీనికి టమోటాలు కోసినానమ్మా. మొన్న మిగిలిపోయిందాంట్లో ఒక ముద్ద నోటికాడికి తీస్కపోతే, దొంగ అని తరిమేసినారు" అంది.

నాకు ఒళ్లు మండింది. "తినమ్మా" అని మూత ఆమె చేతిలో పెట్టాను.

ఒక ముద్ద నమిలింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"సల్లగా, సప్పగా ఉండాది. దీనికా నన్ను దొంగ అనింది?"

మూత నా ఒళ్లో పెట్టేసి కిటికీవైపు తిరిగింది.

ఆ రిసార్టు పేరైనా అడగలేదని నామీద నాకు ఇప్పటికీ కోపమే.