స్పీకర్ వైరు పీకేసే మామ

మామ చనిపోయాడని మా అమ్మ చేతులతో చెప్పింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చి, నా హాస్టల్ గేటు దగ్గర నిలబడి, చెవి పక్కన రెండు వేళ్లతో వైరు లాగినట్టు చేసింది. అది మామ పేరు. అమ్మకు పుట్టుకతో వినపడదు, మాట రాదు. మనుషులకు ఆమె పెట్టే పేర్లు ఇట్లాగే ఉంటాయి. తర్వాత కళ్లు మూసి, అరచేయి వెల్లకిలా తిప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే ఉంది.

మామ మాకు చుట్టం కాడు. మా వీధి చివర నెట్ సెంటర్ నడిపేవాడు. వినపడదని తెలిసీ అమ్మను నోరారా ‘అక్కా’ అని పిలిచేవాడు. నేను డిగ్రీకి నంద్యాల వచ్చాక అమ్మకు నాతో మాట్లాడే దారి మూసుకుపోయింది. ఫోను పనికిరాదు, ఉత్తరం చదవడం రాదు. కొత్త మాట కనబడితే నోటు పుస్తకంలో ఎక్కించుకునే పిచ్చి నాకు పట్టింది అప్పుడే. అందులో ఒక్క మాటా అమ్మకు చేరదు. ఆమెకు నా చేతులు కనపడాలి, అంతే.

“వీడియో కాల్ పెడదాం పాపా. ఆదివారం నువ్వు ఆడ కూర్చో, అక్క ఈడ కూర్చుంటాది” అన్నాడు మామ.

అనుకున్నంత సులువు కాలేదు. నంద్యాలలో నేను పోయే నెట్ సెంటర్లో విండోస్. మామ దగ్గర దాని బదులు లినక్స్. మూడుసార్లు వైరస్ పట్టాక విసుగొచ్చి, పత్రికతో పాటు వచ్చిన సీడీతో అన్ని కంప్యూటర్లూ మార్చేశాడు. రెండిటినీ కలిపే ప్రోగ్రాములు వెతికి పెట్టాడు. మాట వచ్చింది. బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి చదరం.

మొదటి రోజు మామ చేసిన పని చెప్తే నవ్వుతారు. హెడ్‌ఫోన్ తెచ్చి అమ్మ తలకు తగిలించి, “వినపడుతాందా అక్కా?” అన్నాడు. అని, తన నెత్తి తనే కొట్టుకున్నాడు. అప్పటి నుంచి కాల్ పెట్టే ముందు స్పీకర్ వైరు పీకేసేవాడు. “మీ అమ్మ కూర్చునే కుర్చీలో కూర్చొని చూడాల పాపా. ఇనబడితే చాలు, పని అయిపోయిందనుకుంటాం” అనేవాడు.

నంద్యాల సెంటర్ ఓనరుకు మాత్రం పని అయిపోయింది. “మాట వస్తాంది కదా, ఇంకేం కావాల?” అన్నాడు.

“మా అమ్మకు వినపడదు సార్.”

“మరి ఆమెకు కంప్యూటరెందుకమ్మా?”

పక్క సీట్లోవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

నాలుగు ఆదివారాలు పోయాక మామకు అసలు సంగతి దొరికింది. బొమ్మను కుదించి పంపే పద్ధతులు రెండు ప్రోగ్రాముల్లోనూ వేరు. రెండిటికీ తెలిసింది ఒకే ఒక్క పాత పద్ధతి. రెండు వైపులా దాన్నే ఎంచుకోవాలి. ఓనరు నన్ను సెట్టింగులు ముట్టనివ్వలేదు. మామ సెంటర్ మూసి నంద్యాల బస్సెక్కాడు.

“పాడైతే ఎవరిది పూచీ?” అన్నాడు ఓనరు.

“నాదే అప్పా. పాడైతే వచ్చి నా కంప్యూటర్ డబ్బా ఒకటి ఎత్తుకపో. ముందు జరుగు.”

ఆ వారం బొమ్మ వచ్చింది. కానీ వేళ్లు సగంలో ఆగిపోయేవి, అమ్మ చెప్పేది ముక్కలయ్యేది. లైను సరిపోకపోతే బొమ్మ ఆపి మాట ఉంచుకోండని అందరూ చెప్తారు. మామ మాట ఆపేశాడు. అప్పుడు అమ్మ చేతులు ఆగకుండా కదిలాయి. మొదటగా ఆమె నాతో అన్నది, “చిక్కిపోయినావు.”

కాల్ కలిశాక ముందు మామే కూర్చొని బొమ్మ చూసేవాడు. మూడు నెలల కింద అతని ముఖం పచ్చగా కనిపించింది. “మామా, నీ కెమెరాలో పసుపు ఎక్కువైంది” అని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేశాను. కాసేపు తెర వైపే చూసి, “సరిచేస్తా” అని టైపు కొట్టాడు. మరుసటి ఆదివారానికి ముఖం మామూలుగా ఉంది. వెనక తెల్ల గోడ మాత్రం నీలంగా ఉంది, అమ్మ ఎర్రచీర ఊదాగా ఉంది. లినక్స్‌లో రంగులు ఇంతేనేమో అనుకున్నాను. అట్లాగే నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

అది పచ్చకామెర్లని మామ పోయాకే నాకు తెలిసింది. ఇంట్లో ఆకుపసరు తాగుతూ ఉన్నాడు. నంద్యాల పెద్దాసుపత్రికి పొమ్మని అమ్మ రోజూ చేతులూపి పోట్లాడేదట. రేపు, రేపు అని, పాపకు చెప్పొద్దని సైగ చేసేవాడట. చావు దగ్గర ఎవరో “మంచోణ్ణి దేవుడు తొందరగా పిలుచుకుంటాడు” అంటుంటే అరవాలనిపించింది. ఎవరూ పిలవలేదు. నా కోసం నంద్యాల బస్సెక్కిన మనిషి తన కోసం అదే బస్సు ఎక్కలేదు. తెరలో తన ముఖం రంగు మార్చుకొని నన్ను నమ్మించాడు. నేను నమ్మాను. ఎవరి మీద ఎక్కువ కోపమో నాకే తెలియడం లేదు.

పోయిన ఆదివారం మామ బామ్మర్ది సెంటర్ తెరిచాడు. కాల్ కలిసింది. అతను హెడ్‌ఫోన్ పట్టుకొని పెదాలు కదిలిస్తున్నాడు, “వినపడుతాందా?” అని. అమ్మ వచ్చి అతని చేయి పక్కకు తోసి, బల్ల కిందికి వంగింది. కాసేపు ఖాళీ కుర్చీ, వెనక గోడ మాత్రమే కనిపించాయి. గోడ ఇంకా నీలంగానే ఉంది. రంగు సరిచేయమని నేను చెప్పలేదు.

అమ్మ లేచింది. చేతిలో స్పీకర్ వైరు. ఆమె మాట్లాడాలంటే రెండు చేతులూ కావాలి. అయినా చాలాసేపు ఆ వైరు వదల్లేదు.