పెద్దకోడలి కుట్టు

మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు. తెలుగు చదవగలిగింది మాత్రం నేనొక్కదాన్నే. చిత్తూరు వైపు బడిలో చదువుకుని అరవదేశంలోని ఈ గుడియాత్తానికి కోడలిగా వచ్చాను. మా ఆయనకూ, పిల్లలకూ, మా అత్తకూ, వేలూరులో ఉండే మా తోడికోడలికీ వచ్చింది అరవ అక్షరాలే. కాబట్టి ఈ సంగతి రాయడానికి నాకు భయం లేదు. నన్ను మంచిదాన్ని చేసుకుని రాయాల్సిన అవసరమూ లేదు.

పోయిన మార్గళిలో, అంటే ధనుర్మాసం మొదట్లో, మా అత్త నా దగ్గరికి వచ్చింది. ఆమె ఎప్పుడూ ఉండేది పెద్దకొడుకు దగ్గర, వేలూరులో. పెద్దకోడలికి గర్భసంచి ఆపరేషనైంది. రెండు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు అన్నారట. ముసలామెను చూసుకోవడం కుదరక మా బావగారు బస్సులో తీసుకొచ్చి, మా ఇంట్లో దింపి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అప్పటికే అత్తకు చూపు దాదాపు పోయింది. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, అంతే.

మా వైపు ఎండల గురించి ఎంత చెప్పినా నమ్ముతారు, చలి అంటే నవ్వుతారు. ఆ ఏడు మాత్రం ఎవరూ నవ్వలేదు. పొద్దున ఎనిమిదైనా కొండల మీద మంచు కదిలేది కాదు. నేను పేర్ణాంబట్టులో బూట్ల పైతోలు కుట్టే కంపెనీలో పనిచేస్తాను. మొదటి బస్సుకు బయల్దేరుతూ చూస్తే, అత్త మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, దుప్పటి రెండు మడతలుగా కప్పుకుని వణుకుతూ ఉండేది. ఇంట్లో ఉన్న ఒక్క కంబళీ పిల్లలది.

వచ్చిన మూడో రోజు ఆమె అడిగింది.

"అమ్మీ, మీరిద్దరూ కుట్టిన బొంత ఉండాదా?"

"ఉండాదత్తా, అటకమీద."

"నడిమిన మూరెడే కదా నిలిచిపొయ్యింది. సీక్రం ముగించమ్మా. ఈ కుళురుకు నేను తాళలేను."

అది పదకొండేళ్ళ కిందటి బొంత. మేమిద్దరం కొత్తకోడళ్ళుగా ఈ ఇంట్లోనే కలిసి ఉన్నప్పుడు మొదలుపెట్టింది. మా అత్తవాళ్ళలో బొంత ఒక్కరే కుట్టరు. పాత చీరలు పొరలుగా పరిచి, పైన లుంగీ మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అతికి, ఇద్దరు ఆడవాళ్ళు చెరొక కొసన కూర్చుంటారు. ఎదురెదురుగా కుట్టుకుంటూ నడిమికి వస్తారు. ఇద్దరి దారాలూ కలిసిన చోట ముడి వేస్తే పని ముగిసినట్టు. తోడికోడళ్ళకు పొత్తు కుదరాలంటే బొంత కుట్టించాలని మా అత్త అనేది. మాకు ఉన్న కాస్త పొత్తూ దానితోనే పోయింది.

ఇంకో మూరెడు ఉందనగా ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చారు. అత్త వాళ్ళ ముందు బొంత పరిపించింది. మా తోడికోడలు పెద్దామె కుట్టిన కొసనుంచి అత్త అరచేత్తో నిమురుకుంటూ వచ్చి, నా వైపు రాగానే చెయ్యి ఎత్తేసి చీరకు తుడుచుకుంది.

"ఈడిదాకా చీమలు బారు తీరినట్టుండాది. ఈడనుంచి తాగినోడు ఇంటికి పొయ్యినట్టుండాది" అంది.

చుట్టాలు పడీపడీ నవ్వారు. పెద్దామె నవ్వలేదు, తల వంచుకుంది. ఆ వంచుకోవడం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. సూది బొంతలోనే గుచ్చేసి లేచాను, మళ్ళీ పట్టుకోలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు వేలూరికి కాపురం మార్చారు, బొంత అటకెక్కింది.

అత్త అడిగిన రోజే దాన్ని దించి పరిచాను. ఆనాడు గుచ్చిన సూది తుప్పుపట్టి అక్కడే ఉంది. మూరెడంటే రెండు సాయంత్రాల పని. పెద్దామె కుట్టు చూశాను. చాలా బాగుంది. నా సగం నిజంగానే తాగినవాడి నడక. కానీ ఈ పదేళ్ళుగా తోలు కుట్టీ కుట్టీ నా చెయ్యి మారింది. ఇప్పుడు నేను కుడితే ఎవరూ వంక పెట్టలేరు. ఆ మూరెడూ కుట్టి ఇస్తే అత్త వేళ్ళతో తడిమి, పెద్దదాని చెయ్యి ఇది, చిన్నదాని చెయ్యి ఇది అని మళ్ళీ వేరుచేసి చెబుతుంది. అది నేను పడలేను. ఒక్కసారి, ఒక్కసారైనా, నలుగురి ముందు ఆమె నోటితో నా చెయ్యి బాగుందని అనిపించుకోవాలి. నాకు కావలసింది అంతే.

బ్లేడు తీసుకుని పెద్దామె కొసనుంచి విప్పడం మొదలుపెట్టాను.

విప్పడానికే నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత నా పాత సగం చూస్తే అసహ్యమేసి అదీ విప్పాను. ఆపైన మొదటినుంచి కుట్టాలి. రోజూ నేను పనినుంచి వచ్చిన అలికిడి వినగానే అత్త అడిగేది.

"అయినాదా అమ్మీ?"

"అయితా ఉండాదత్తా."

"అది కుట్టే చప్పుడు కాదే, తెంపే చప్పుడు" అంది ఒకసారి.

"ముడి తప్పింది, సరిచేస్తా ఉండాను" అన్నాను.

మా ఆయనకు తల్లి వణకడం కనబడకపోలేదు. "బజారులో కంబళ్ళు వచ్చినాయి, అమ్మకొకటి తెచ్చేదా?" అన్నాడు. "ఆమె బొంతే అడిగింది. ఇంక రెండు దినాల్లో అయిపోతాది" అన్నాను. నాలుగు రోజులయ్యాక మళ్ళీ అడిగితే మళ్ళీ రెండు దినాలే అన్నాను. ఆయన ఆడవాళ్ళ కుట్టుపని వైపు కన్నెత్తి చూసే రకం కాదు. నా మాట నమ్మాడు.

పదో రోజుకు అత్తకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం కాచి ఇచ్చాను, నీళ్ళు వేడిచేసి ఇచ్చాను, వేళకు అన్నం కలిపి పెట్టాను. పక్కింటామె చూసి, నీలాంటి కోడలు దొరకాలంటే పుణ్యం చేసుకోవాలంది. నాకు సిగ్గు వేయలేదు.

"అయినకాడికి కప్పు తల్లీ, రేపు మళ్ళీ కుట్టుకో" అని అత్త ఆ వారంలోనే బతిమాలింది. అంతవరకూ ఆమె నన్ను ఎన్నడూ తల్లీ అని పిలవలేదు.

"సూదులు ఉండాయత్తా, గుచ్చుకుంటాయి" అన్నాను. ఉన్నది ఒకటే సూది. అది నా జాకెట్టుకు గుచ్చి ఉంది.

పద్దెనిమిదో రోజు ఆదివారం మధ్యాహ్నం బొంత ముగిసింది. తీసుకెళ్ళి ఆమె మీద కప్పి, పక్కనే కూర్చున్నాను. అత్త చేతులు బయటికి తీసి తడిమింది. ఒక కొసనుంచి ఇంకో కొసకు, మళ్ళీ ఆ కొసనుంచి ఈ కొసకు.

"పెద్దదాని కుట్టు యాడ?"

"తీసేసినా. అంతా నేనే కొత్తగా కుట్టినా."

"ఎప్పుడు తీసినావు?"

"నువ్వు అడిగిన దినమే."

"ఇన్నాళ్ళూ నేను ఇట్ల వణకతా పడుంటే" అంది.

"కుట్టు ఎట్లుండాదో చెప్పత్తా" అన్నాను. ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో తెలిసే అడిగాను.

ఆమె గోడవైపు తిరిగి, బొంతను మెడదాకా లాక్కుంది. విసిరికొడుతుందనుకున్నాను. ఆ చలిలో విసరలేకపోయింది.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల చివర్లో మా బావగారూ, పెద్దామె ఇద్దరూ అత్తను తీసుకుపోవడానికి వచ్చారు. పెద్దామె చిక్కిపోయింది. మంచం మీద కూర్చోగానే అత్త ఆమె చెయ్యి వెతికి పట్టుకుని బొంత మీద పెట్టింది.

"చూడమ్మీ, నువ్వు కుట్టిందే. ఈ చలికాలమంతా నన్ను బతికించింది ఇదే. ఒక్క కుట్టు వంకర పోలేదు. నీ చెయ్యంటే నీ చెయ్యే."

పెద్దామె వేళ్ళు ఆగిపోయాయి. తన కుట్టు తనకు తెలియదా? కొస తిప్పి చూసింది. పాత దారం తీసేసిన చిన్నచిన్న కంతలు గుడ్డలో ఇంకా ఉన్నాయి. తలెత్తి నా వైపు చూసింది.

"ఔనత్తా, నేను కుట్టిందే" అంది పెద్దామె.

గుమ్మంలో నిలబడిన మా ఆయనకు నా మీద జాలేసినట్టుంది. "నడిమిన మూరెడు ఈమె కుట్టిందిలేమ్మా, శానా దినాలు కూర్చుని" అన్నాడు.

"అట్లనా?" అని అత్త బొంత మధ్యకు చెయ్యి పోనిచ్చింది. అటూ ఇటూ రుద్దింది. "ఆ, ఈడ ఉండాది. ఈ మూరెడు తెలస్తానే ఉండాది."

మా బావగారు పకపకా నవ్వారు, మా ఆయనా నవ్వాడు. అంతా నేనే కుట్టానని అరవాలనిపించింది. అరిస్తే, ఎందుకు విప్పావు, ముసలిదాన్ని అన్ని రోజులు చలికి ఎందుకు వదిలేశావు అని అడుగుతారు. వెళ్ళి కాఫీ కలిపాను. బొంతను నేనే మడిచి సంచిలో పెట్టి ఇచ్చాను.

బస్టాండులో అత్తను మెట్టు ఎక్కించడానికి చెయ్యి ఇచ్చాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో, ఇంకెవరికీ వినబడకుండా, "శానా బాగా కుట్టినావే. పెద్దదానికి కూడా అట్ల రాదు" అంది.

వేలూరు బస్సు కదిలాక మా ఆయన అడిగాడు, "అమ్మ ఏమంటాది?"

"ఒళ్ళు జాగ్రత్త అనింది" అన్నాను.